పేర్లు కొట్టేటోడు

లగ్గాల కాలంల గిన్నెల మీద,
ఉగాది ముందర షీల్డుల మీద
పేర్లు కొడుత.
హన్మకొండ చౌరస్తల చిన్న మడిగె.
మిషిన్ ఒకటి, నేను ఒకన్ని.

నాటక పరిషత్తు కార్యదర్శి
బహుమతుల ముందు రోజు రాత్రి వస్తడు.
నాలుగు మడతల కాగితం
లోపలి జేబుల నుంచి తీసి
"బ్రహ్మయ్యా, ఎవలికీ తెల్వద్దు" అంటడు.
పదకొండు పేర్లు.
ఉత్తమ ప్రదర్శన గోదావరిఖని బొగ్గుబాయి కార్మికులది,
ఉత్తమ సంగీతం కాజీపేట లోకోషెడ్డు హార్మోనియానిది,
ఉత్తమ ప్రతినాయకుడు మా గల్లీల పాలు పోసేటాయన.
తెల్లారి ఆయన పాలు పోస్తుంటె
నేను చెంబు దిక్కే చూస్త.
ఏడాదికొక్క రాత్రి
ఊరి కంటె ముందు నాకు ఎరుకైతది.
ఆ రాత్రి నిద్ర పట్టది.

ఈసారి షీల్డులు తుడిచి వరుసగ పెట్టిన.
పాత పేపరు కప్పుదమనుకునే లోపట
ఆరెపల్లి భూలక్ష్మి వచ్చింది.

ఇరువై రెండేండ్ల సంది
ఎవల నాటకంల తల్లి చచ్చినా
చచ్చేది ఆమెనే.
జమ్మికుంటల చచ్చింది, పరకాలల చచ్చింది.
నర్సంపేటల నడుమల కరెంటు పోతె
పెట్రోమాక్స్ వచ్చేదాక శవమై పండుకున్నది,
దోమలు కుట్టినా కదల్లేదు.
చదువు రాదు.
కోడలు చదువుతుంటె, బీడీలు చుట్టుకుంట
మాటలన్ని చెవులతోని మింగుతది.

టిఫిన్ డబ్బ ముందర పెట్టింది.
"మనుమరాలు హాస్టల్‌కు పోతది, పేరు కొట్టు."
నేను మిషిన్ పట్టుకున్న.
ఆమె కండ్లు షీల్డుల మీద,
బియ్యంల రాళ్లు ఏరినట్టు
ఒక్కొక్కదాని మీద ఆగుకుంట.
"ఇండ్ల నాదేది?"

నా చెయ్యి జారింది,
పిల్ల పేరు పక్కన ఒక చుక్క ఎక్కువ పడ్డది.
"ఇంక కొట్టలే, అక్కా."
"ఊఁ" అన్నది.
ఇరువై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి
పేపరు తనే కప్పింది.
"దుమ్ము పడుతది, తమ్మీ."

రాత్రి ఆడిటోరియం.
మంత్రి రాలేదు, మంత్రి సందేశం వచ్చింది.
దండలు ఎక్కువైనయి, మైకు ఒక్కటే.
నాటకం చచ్చిపోతున్నదని
న్యాయనిర్ణేత ఒకాయన ముప్పావుగంట చెప్పిండు.
చంటిపిల్ల ఒకతి ఏడ్చింది.
ఉత్తమ నటి, అన్నరు.
వాళ్లు అనకముందే నా పెదవులు ఆ పేరు అన్నయి.
మంథని పిల్ల, పందొమ్మిదేండ్లు,
మెట్లెక్కుతుంటె చీర కాలికి తట్టింది.
మొదటి చప్పట్లు యాడివో అని తల తిప్పిన.
మూడో వరుస.
తునికాకు కత్తిరించీ కత్తిరించీ నల్లవడ్డ చేతులు,
గట్టిగ, అందరు ఆపినంక కూడ.
అది నటననో కాదో,
ఇన్నేండ్లు చూసినోన్ని, నాకు తెల్వలే.

కుర్చీలు మడుస్తున్నరు.
పులిహోర పొట్లం పట్టుకొని
నా దగ్గరికొచ్చింది.
"పొద్దుగాల మంచిగ చెయ్యలే నువ్వు."
"ఏంది అక్కా?"
"అబద్ధం చెప్పేటోడు నేల చూడద్దు.
ఎదుటి మనిషి కండ్లల్ల చూడాలె."

నాకు నోట మాట రాలే.

"చదువు రాదు గని
వాల్‌పోస్టర్ల మీద నా పేరు ఎట్లుంటదో ఎరుకే.
మొదటి అక్షరానికి కింద గీత, పక్కకు తోక.
నీ షీల్డులల్ల ఆ తోక లేదు."
"మరెందుకు అడిగినవు?"
పొట్లం విప్పి పల్లి ఒకటి నోట్లెసుకున్నది.
"నువ్వు ఏమంటవో చూద్దమని."

ఆటో ఎక్కింది, కాజీపేట దిక్కు.

తప్పు పోతె పనికొస్తదని
ప్రతిసారి ఒక షీల్డు ఎక్కువ తెప్పిస్త.
అది దుకాణంల అట్లనే ఉన్నది, పేరు లేకుంట.
ఇయ్యాల రెండుసార్లు మిషిన్ దగ్గరికి తెచ్చి
మళ్ల పైన పెట్టిన.

ఆ డబ్బ మీద ఎక్కువ పడ్డ చుక్క మాత్రం
తుడిస్తె పోదు.
హాస్టల్ల అన్నం తినేటప్పుడు ఆ పిల్ల
నా చేతి తప్పనుకుంటదో,
దిష్టిచుక్క అనుకుంటదో.